చెవికి తెలిసే పాదం: తెలుగు పద్యంలో యతి ప్రాసలు చేసే పని

ఒక పెద్దమనిషి పేరు నిలవాలని ధర్మనిధి ఏర్పరచడం, ఆ పేరు మీద ఏటా నలుగురు చేరి ఒక విషయాన్ని ఓపికగా వినడం మన సాహిత్య జీవితంలో మంచి సంప్రదాయం. స్మారకోపన్యాసం అంటేనే జ్ఞాపకానికి చేసే మర్యాద. అందుకే జ్ఞాపకశక్తినే పనిముట్టుగా చేసుకుని కట్టిన ఒక నిర్మాణం గురించి ఈ రోజు మాట్లాడతాను. అది తెలుగు పద్యం. పద్యానికి అర్థం చెప్పడం మనకు బాగా అలవాటు. అలంకారం పట్టుకోవడమూ అలవాటే. గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, ఇది ఉత్పలమాల, ఇది కందం అని పేరు పెట్టడం హైస్కూల్లోనే నేర్చుకుంటాం. అయితే పేరు పెట్టాక ఆగిపోతాం. ఉత్పలమాలలో పదో అక్షరం మొదటి అక్షరంతో మైత్రి కుదుర్చుకోవలసిన అవసరం పద్యానికి ఏమిటి? నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావడం వల్ల వినేవాడికి ఒనగూడేది ఏమిటి? యతి ప్రాసలు పద్యానికి తొడిగిన నగలు కావనీ, పాదం ఎక్కడ మొదలైందో, ఎక్కడిదాకా వచ్చిందో చెవికి తెలిపే గుర్తులనీ, ఆ గుర్తులు ఉన్నందువల్లే తెలుగు వాక్యం పద్యంలో అంత స్వేచ్ఛగా పారగలిగిందనీ నా ప్రతిపాదన. దీనికి ఆధారాలు చూపించి, ఎదురయ్యే ఆక్షేపణలకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు యతి అన్న మాట దగ్గర మొదలుపెడదాం. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. శార్దూలవిక్రీడితంలో పాదానికి 19 అక్షరాలు. పన్నెండో అక్షరం దగ్గర పదం ముగియాలి, గొంతు ఆగాలి. అదే వృత్తం తెలుగులోకి వచ్చింది. గణాలు అవే, అక్షరాల లెక్క అదే. కాని ఇక్కడ పన్నెండో అక్షరం దగ్గర ఆగనక్కరలేదు, పదం విరగనక్కరలేదు. దానికి బదులు పదమూడో అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి పాటించాలి. చోటు ఒకటే, అక్కడ జరిగే పని వేరు. సంస్కృత కవి నిశ్శబ్దం ఉంచిన చోట తెలుగు కవి ప్రతిధ్వని ఉంచాడు. దీన్ని మన లాక్షణికులు వడి అనీ, వళి అనీ కూడా అన్నారు. యతి అన్న సంస్కృత నామం నిలిచింది గాని దాని పని మాత్రం పూర్తిగా మారిపోయింది. మత్తేభంలో పద్నాలుగో అక్షరానికీ, ఉత్పలమాలలో పదో అక్షరానికీ, చంపకమాలలో పదకొండో అక్షరానికీ ఇదే కథ. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది. శార్దూలం మొదటి గురువును అలాగే విడదీస్తే మత్తేభం అవుతుంది. అందుకే ఈ జంటల్లో యతిస్థానం సరిగ్గా ఒక్క అక్షరం జరిగింది. లెక్క అంత కచ్చితమైనది. అంత కచ్చితమైన లెక్కలో విరామాన్ని తీసి మైత్రిని పెట్టారంటే, అది అనాలోచితంగా జరిగిన మార్పు కాదు.

విరామం లేదన్న మాటను ఉదాహరణతో చూపించాలి. పాత పద్యాల జోలికి పోకుండా, ఈ ఉపన్యాసం కోసమే కట్టిన ఒక పాదం చూడండి: తల్లి మాట చల్లదనము తెలిసె. ఇది ఆటవెలదిలో సరిపాదం, అంటే అయిదు సూర్యగణాలు. తల్లి, మాట, చల్ల, దనము, తెలిసె అని గణాలు విడిపోతాయి. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. అక్కడ ఉన్నది ద. పాదం మొదట ఉన్నది త. రెండూ ఒకే వర్గానివి, అచ్చు కూడా అకారమే, కాబట్టి మైత్రి కుదిరింది. ఇప్పుడు సంస్కృత పద్ధతిలో యతి దగ్గర ఆగి చదివితే చల్లదనం రెండు ముక్కలవుతుంది. ఏ తెలుగువాడూ అలా చదవడు. మాట నిండుగా పలుకుతాడు. అయినా ద పలికేటప్పటికి చెవిలో త మళ్లీ కదులుతుంది. మాట విరగలేదు, పాదం మాత్రం ఎక్కడిదాకా నడిచిందో తెలిసింది. పద్యంలో ఒకేసారి రెండు నడకలు సాగుతున్నాయన్నమాట. ఒకటి వాక్యం నడక, రెండోది పాదం నడక. ఒకదాన్ని మరొకటి ఆపకుండా రెండింటినీ వినిపించే ఉపాయమే తెలుగు యతి.

ఈ ఉపాయం అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే పద్యం రాతలో ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. ఇవాళ మనం నాలుగు పాదాలను నాలుగు వరసలుగా చూస్తున్నాం. ఇది అచ్చుయంత్రం ఇచ్చిన సదుపాయం. తాటాకు మీద పద్యం వచనంలాగే ఏకధాటిగా సాగేది. పాదం ముగిసిందని కంటికి చెప్పే ఆనవాలు ఉండేది కాదు. వినేవాడికైతే ఏ పత్రమూ లేదు. మరోపక్క తెలుగు కవి వాక్యాన్ని పాదం చివర ఆపడు. ఒక పాదంలో మొదలైన సమాసం రెండో పాదం మధ్యలో ముగుస్తుంది. మాట కూడా సగం ఇక్కడ, సగం అక్కడ పడుతుంది. సంస్కృత శ్లోకంలో రెండో పాదం చివర పదం ముగిసి తీరాలి. తెలుగు పద్యంలో ఆ గోడ కూడా లేదు, రెండో పాదం నుంచి మూడో పాదంలోకి మాట దాటిపోవచ్చు. ఇంత ప్రవాహంలో పాదం అనే కొలత చెవికి అందాలంటే చివర దొరికే గుర్తు పనికిరాదు, ఎందుకంటే చివర అనేది మాటలో మునిగిపోయింది. గుర్తు మొదట్లో ఉండాలి. ప్రాస చేసే పని అదే. ప్రతి పాదంలో రెండో అక్షరం అదే హల్లుగా తిరిగి వచ్చినప్పుడు, కొత్త పాదం మొదలైందని చెవికి కబురు అందుతుంది. దానికి ముందున్న అక్షరం నాలుగు పాదాల్లోనూ గురువైతే గురువుగా, లఘువైతే లఘువుగా ఉండాలన్న నియమం ఆ కబురును మరింత స్పష్టం చేస్తుంది.

కంద పద్యం ఈ వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం. కందంలో పాదాలు సమానం కావు. మొదటి, మూడో పాదాలకు మూడేసి గణాలు, రెండో, నాలుగో పాదాలకు అయిదేసి. ప్రతి గణమూ నాలుగు మాత్రలు. అంటే చిన్న పాదం 12 మాత్రలు, పెద్ద పాదం 20, మొత్తం పద్యం 64 మాత్రలు. ప్రాస నాలుగు పాదాలకూ ఉంది. యతి మాత్రం పెద్ద పాదాలకే ఉంది, చిన్నవాటికి లేదు. యతి కేవలం అలంకారమే అయితే చిన్న పాదాలకు ఆ నగ ఎందుకు దక్కలేదు? 12 మాత్రల దూరాన్ని చెవి ఒక్క ఊపులో పట్టుకోగలదు, మధ్యలో మైలురాయి అక్కరలేదు. 20 మాత్రల దూరానికి కావాలి. ఇంకొంచెం లోపలికి వెళ్దాం. కందంలో ప్రతి అర్ధభాగంలోనూ ఆరో గణం జగణమో నలమో కావాలన్నది తప్పించుకోలేని నియమం. జగణం అంటే లఘువు, గురువు, లఘువు. బరువు మధ్యలో పడుతుంది. నలం నాలుగు లఘువులతో పరుగెడుతుంది. ఏది వచ్చినా అంతదాకా నిలకడగా వచ్చిన నడక అక్కడ తొణుకుతుంది. ఆ ఆరో గణం వెంటనే వచ్చేది ఏడో గణం. పెద్ద పాదంలో అది నాలుగో గణం. యతిస్థానం సరిగ్గా అక్కడే. తొణికిన అడుగు వెంటనే పాదం తొలి ధ్వని మళ్లీ వినిపించి నడకను నిలబెడుతుంది. ఆపై ఒక్క గణం నడిచి అర్ధభాగం గురువు మీద ముగుస్తుంది. తొణకడం, నిలదొక్కుకోవడం, స్థిరంగా దిగడం అనే మూడు అడుగులు ప్రతి కందంలోనూ రెండుసార్లు జరుగుతాయి. ఇంత చిన్న పద్యంలో వాదమూ, సంభాషణా, ఎత్తిపొడుపూ ఇమడడానికి ఈ నిర్మాణమే ఆస్కారం ఇచ్చింది. 13వ శతాబ్దంలో తిక్కన భారతంలో మనుషులు మాట్లాడుకునే తీరును కందంలోకి తేగలిగాడంటే, మాటల విరుపు కోసం పాదాన్ని చెరపనక్కరలేని ఈ ఏర్పాటు ఆయనకు అక్కరకు వచ్చింది.

గుర్తు మొదట్లోనే ఎందుకు అన్న ప్రశ్నకు భాష స్వభావంలో మరొక సమాధానం ఉంది. తెలుగులో ప్రత్యయాలు మాట చివర చేరతాయి. వచ్చాడు, చూశాడు, లేచాడు అన్నప్పుడు చివరి ధ్వని ఒకటే. బడిలో, మడిలో, నీడలో అన్నా అంతే. వాక్యం చివర క్రియ వస్తుంది, క్రియ చివర ప్రత్యయం వస్తుంది. ఇలాంటి భాషలో పాదాంతాలు కలపడం కవికి పెద్ద కష్టం కాదు, వినేవాడికి పెద్ద విశేషమూ కాదు. వ్యాకరణం ఉచితంగా ఇచ్చేదాన్ని నియమం చేస్తే నియమానికి విలువ ఉండదు. మాట మొదట్లో ఉండేది ధాతువు, అంటే అర్థానికి మూలం. అక్కడ ధ్వనులు కలిశాయంటే రెండు అర్థాలు ఎదురుపడ్డాయన్నమాట. ఇది తెలుగు ఒక్కదాని అలవాటు కాదు. తమిళ ఛందస్సులో మోనై పాదం లోపలి తొలి అక్షరాల మైత్రి, ఎతుగై పాదాల రెండో అక్షరాల సామ్యం. తొల్కాప్పియం ఈ రెండింటినీ చెప్పింది. కన్నడం ఆదిప్రాసను గట్టిగా పట్టుకుంది. ప్రత్యయాలు చివర చేర్చే ఈ ఇరుగుపొరుగు భాషలు పాదం మొదటినే వెతుక్కున్నాయి. అంత్యప్రాస మన కవులకు తెలియనిది కాదు. పోతన భాగవతంలో అది ఎంత ఇంపుగా మోగుతుందో తెలుగువారందరికీ తెలుసు. కాని అది కవి ఇష్టం కొద్దీ వేసే అలంకారం. నియమంగా మారింది మాత్రం పాదాది ధ్వనే. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పే పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ, 10వ శతాబ్దంలో జినవల్లభుడు కుర్క్యాల గుట్ట మీద చెక్కించిన కందాలు నన్నయకు ముందువి. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టి అక్షరరమ్యతను తన గుణంగా చెప్పుకునే నాటికే తెలుగు చెవి ఈ పద్ధతికి అలవాటుపడి ఉంది.

ఇక ఆక్షేపణల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వినబడేది, యతి ప్రాసలు కవి చేత అక్కరలేని మాటలు పెట్టిస్తాయన్నది. ఇందులో నిజం ఉంది. మైత్రి కోసం పెట్టిన ఊతపదాలు మన కావ్యాల్లో కోకొల్లలు. వాటిని సమర్థించవలసిన అవసరం నాకు లేదు. కాని నియమం ఒకే మాట వైపు నెడుతుందన్న ఊహ తప్పు. మరొక పాదం చూడండి: చిన్న మాట యైన చేదు మిగులు. చి, చే రెండింటికీ మైత్రి ఉంది, ఎందుకంటే ఇ, ఎ, ఏ ఒకే జట్టు అచ్చులు. చేదు స్థానంలో బాధ పెట్టి చూడండి. గణం చెడలేదు, అర్థం దాదాపు అదే. అయినా పాదం కాలు మడతపడినట్టు వినిపిస్తుంది. ఛందస్సు పేర్లు తెలియనివాడికి కూడా చిన్న పక్కన చేదు వినిపించినంత బిగువుగా బాధ వినిపించదు. మొదటి రూపంలో చిన్నతనమూ చేదూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రెండో రూపంలో అవి పరాయివి. ఇప్పుడు అదే చోట చిన్న మాట యైన చేవ కలది అనండి. యతి నిలిచింది, అర్థం పూర్తిగా తిరగబడింది. నియమం కవికి అర్థాన్ని నిర్ణయించి పెట్టలేదు. కొన్ని మాటలను మాత్రం దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. వాటిలో ఏరుకోవడం కవి వివేకం. ఊతపదం కనిపించిన చోట ఓడింది ఆ కవి, నియమం కాదు.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. యతి చెవికి సంబంధించినదైతే లాక్షణికులు ఇన్ని రకాల యతులు ఎందుకు చెప్పారు? శ, ష, స లకు చ, జ లతో మైత్రి ఏమిటి? 15వ శతాబ్దపు ఛందోదర్పణం, 17వ శతాబ్దపు అప్పకవీయం చదివితే ఇదంతా కాగితం మీది లెక్కలా అనిపించవచ్చు. లెక్క కొంతమేరకు ఉంది, కొన్ని యతులు శాస్త్రజ్ఞానం మీదే నిలుస్తాయని ఒప్పుకోవాలి. కాని మూల నియమాలను నోటితో పరీక్షిస్తే అవి నోరు పుట్టించినవేనని తెలుస్తుంది. క, గ లు నోట్లో ఒకే చోట పుడతాయి. త, ద లు ఒకే చోట. శకారం తాలవ్యం, చకారమూ తాలవ్యమే. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు కావడానికి ఐ, ఔ లు అకారంతో మొదలయ్యే ధ్వనులు కావడమే కారణం. ఇ, ఎ లు నాలుక ముందుభాగంతో, ఉ, ఒ లు పెదవుల గుండ్రంతో పలికేవి. లాక్షణికుల పట్టికలు మొదట ఉచ్చారణకు కట్టిన పట్టికలు. పండితులు వాటిని తరువాత సాగదీశారు. సాగదీసిన అంచులు చూపించి నడిమి వస్త్రాన్ని కాదనడం న్యాయం కాదు.

మూడోది నా వాదానికే తగిలే ఆక్షేపణ. ప్రాస పాదారంభాన్ని తెలిపే గుర్తు అయితే, సీసానికీ, తేటగీతికీ, ఆటవెలదికీ ప్రాస నియమం ఎందుకు లేదు? సీసం సంగతి చూస్తే సమాధానం సులువు. దానిలో పాదం పొడవు ఎనిమిది గణాలు, అవి రెండు భాగాలు, ఒక్కో భాగానికి ఒక్కో యతి. సాధారణంగా వాక్యఖండాలు కూడా ఆ భాగాల చివరే ముగుస్తాయి. పాదం తనంతట తాను విడివడి వినిపిస్తున్నప్పుడు ప్రాస అక్కర తగ్గింది. ద్విపద కూడా ఇదే చెబుతుంది. అది పాటకు దగ్గరిది, పాదాలు గొంతులోనే విడిపోతాయి. అందుకే ప్రాస వదిలేసి మంజరీద్విపదగా కూడా బతకగలిగింది. ఆటవెలదిలో బేసిపాదం మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరిపాదం అయిదూ సూర్యగణాలే. పాదం మారగానే నడక మారుతుంది, ఆ మార్పే గుర్తు. వేమన పేర చెలామణిలో ఉన్న పద్యాల్లో ఆ సూర్యగణాల నాలుగో పాదంలోనే మకుటం కుదురుకుంది. తేటగీతి దగ్గర మాత్రం నా వాదం ఒక మెట్టు దిగాలి. అక్కడ ప్రబంధ కవులు మాటలను పాదాలు దాటించారు, ప్రాస మాత్రం లేదు. పొట్టి పాదం, దగ్గర దగ్గరగా వచ్చే యతీ అక్కడ బరువు మోశాయి. యతి ప్రాసలు పుట్టడానికి ఇదొక్కటే కారణమని నేను అనడం లేదు. పుట్టాక అవి చేసిన పని ఇది అంటున్నాను. పుట్టుక వేరు, వినియోగం వేరు.

ఈ పని ఎంత బలమైనదో అవధానంలో కళ్లెదుట కనిపిస్తుంది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఇచ్చేది సాధారణంగా చివరి పాదం. అది వినగానే వృత్తం ఏదో, ప్రాసాక్షరం ఏదో తేలిపోతాయి. చివరి పాదంలోని ఒక్క అక్షరం ఇంకా పుట్టని మూడు పాదాల రెండో అక్షరాన్ని శాసిస్తుంది. ఇంకా చెప్పని మాటలు ఏ ధ్వని దగ్గర మొదలవ్వాలో అవధానికి ముందే తెలుసు. పృచ్ఛకులందరికీ పాదం పాదం చొప్పున వరసగా చెప్పి, చివర ధారణలో అన్ని పద్యాలనూ పూర్తిగా అప్పజెప్పేటప్పుడు ఆ ధ్వనులే తీగలా పనిచేస్తాయి. ప్రాసాక్షరం పట్టుకుంటే పాదం వస్తుంది, పాదం మొదటి అక్షరం పట్టుకుంటే యతిస్థానంలోని మాట వస్తుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా శతావధానాలు చేసి జనాన్ని కట్టిపడేసిన కాలంలో ఆ సభల్లో లక్షణ గ్రంథాలు చదివినవారు కొద్దిమందే. మిగిలినవారికి ఆ బిగువు తెలిసింది చెవి వల్లనే.

వచన కవిత మాటేమిటని అడగవచ్చు. యతి ప్రాసలు లేకుండా వందేళ్లకు పైగా మంచి కవిత్వం వచ్చింది కదా. వచ్చింది, అది నా వాదానికి ఎదురు కాదు. 1910లో గురజాడ ముత్యాల సరాలతో మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిని ఎత్తుకుని యతి ప్రాసల నియమాన్ని దించినప్పుడు మరొక మార్పు కూడా జరిగింది. మాటలు పాదాల చివర ముగియడం మొదలైంది. మొదటి గుర్తు పోయిన చోట చివరి గుర్తు అవసరమైంది. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలో శ్రీశ్రీ నియమాన్ని వదిలాడు గాని పదాల తొలి ధ్వనులను ఢీకొట్టించే శక్తిని వదలలేదు. వచన కవితలో పంక్తి ఎక్కడ విరగాలో కవి ఇచ్ఛ. ఆ విరుపు మొదట కంటికి కనిపిస్తుంది, తరువాతే చెవికి. చేకూరి రామారావు, కోవెల సంపత్కుమారల మధ్య వచన పద్య లక్షణం గురించి జరిగిన చర్చ కూడా చివరికి ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది: నియమం లేని చోట పాదాన్ని పాదం చేసేది ఏమిటి? పద్యాన్ని వదిలినా ఆ ప్రశ్నను వదలడం ఎవరికీ సాధ్యం కాలేదు. పాత గుర్తులు చేసిన పనిని అర్థం చేసుకుంటే కొత్త కవిత ఏ పనిని ఎలా భర్తీ చేస్తోందో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

అందువల్ల పద్యాన్ని విశ్లేషించే పద్ధతి గురించి ఒక్క విన్నపం. గణవిభజన చేయించడం మంచిదే, కాని అది సగం పని. విద్యార్థి చేత పద్యాన్ని ముందు బిగ్గరగా చదివించాలి, గణాల దగ్గర ఆపి కాదు, మాటల విరుపు ప్రకారం. తరువాత మూడు ప్రశ్నలు అడగాలి. యతిస్థానంలో ఏ మాట పడింది, అది ధాతువు మీద పడిందా, ప్రత్యయం మీద పడిందా? ఆ మాటకూ పాదం మొదటి మాటకూ అర్థంలో చుట్టరికం ఉందా, వైరం ఉందా? వాక్యం పాదాన్ని ఎక్కడ దాటింది, దాటిన చోట కథలో ఏం జరుగుతోంది? ధాతువు మీద పడిన యతి గంటలా మోగుతుంది. చల్లదనంలోలా ప్రత్యయం మీద పడిన యతి అడుగుచప్పుడులా దాగి ఉంటుంది. గొప్ప కవి ఏది ఎప్పుడు కావాలో ఎరుగును. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతికిన విద్యార్థికి ఛందస్సు మార్కుల పాఠంగా మిగలదు, కవి ఆలోచన వినిపించే దారి అవుతుంది. తొలి అక్షరాన్ని పాదం చివరికి చేరేలోగా మరొక్కసారి తలుచుకోవడం తెలుగు పద్యం నియమంగా పెట్టుకుంది, ఆ తలపు కోసం నడక ఆపనక్కరలేదని కూడా చూపించింది. ఒక పెద్దమనిషిని తలుచుకోవడానికి చేరిన ఈ సభ, ఆ స్మృతి పేరున వచ్చే ఏడాది మళ్లీ చేరినప్పుడు, కనీసం ఒక్క పద్యాన్నయినా నాలుగు పాదాలూ గొంతెత్తి చదివించుకుని వినాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.